వాలుగ చేప దవడ

మొన్న చీపురుపల్లి బస్సుల దగ్గర కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి కొన్నాను. నోట్లో పెట్టుకోబోతూ ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తర్వాత కొసన ఉన్న గింజ ఒకటి ఊడదీసి, గోరుతో చీల్చి చూశాను. బొగ్గుల ముందు కూర్చున్న ఆవిడ విసనకర్ర ఆపి నన్నే చూసింది.

"ఏటమ్మా, పొత్తు తింతావా, సంపెంగి పువ్వనుకున్నావేటి?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వాసన చూడడం, ఆ గోరుతో చీల్చడం నావి కావు. మా అప్పవి. అప్ప పోయి రెండు వానాకాలాలైంది. నా చేతులు ఇంకా ఆవిడ చేసినట్టే చేస్తున్నాయని ఆ రోజే తెలిసింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నా తోడబుట్టింది కాదు. షావుకారు గారి షెడ్డులో మొక్కజొన్న పొత్తులు ఏరే ఆడవాళ్ళం పదిమందిమి ఉండేవాళ్ళం. అందరికీ ఆవిడ అప్పే. షావుకారు కూడా అప్పా అనే పిలిచేవాడు. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందుకే ఇక్కడ కూడా పేరు రాయడం లేదు.

నేను ఐదుతో బడి మానేశాను. రేషను కార్డు కాగితాల మీద తప్ప ఇంతవరకూ ఏమీ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆవిడ గురించి ఒక మాట ఎవరికైనా చెప్పాలని ఉంది. నోటితో చెప్పబోయి ప్రతిసారీ సగంలో వదిలేస్తున్నాను.

మా పని ఇలా ఉండేది. రైతులు ట్రాక్టర్లలో పొత్తులు తెచ్చి షెడ్డులో పోసేవారు. మేం కుప్ప చుట్టూ కూర్చుని బాగున్నవి ఒక పక్క, బూజు పట్టినవి ఇంకో పక్క వేసేవాళ్ళం. బాగున్నవి మిషన్లో పడి గింజలై, బస్తాలకెక్కి, లారీల్లో కోళ్ళ దాణా మిల్లులకి పోయేవి. దుమ్ముకి మేమందరం ముక్కులకి కొంగు కట్టుకునేవాళ్ళం. అప్ప మాత్రం కట్టుకునేది కాదు.

"ముక్కు మూసుకుని ఏరుతారేటే? ఈ పనికి ముక్కే గదా కావాల," అనేది.

ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చునేది. పొత్తు తీసి, కొసన తొక్క కొంచెం విప్పి వాసన చూసేది. ఆవిడ లెక్కలో పొత్తుకి మూడే వాసనలు. ఎండ వాసన, చేను వాసన, గోడ వాసన. ఎండ వాసన వస్తే బస్తాకి. చేను వాసన వస్తే ఇంకో రెండు రోజులు ఎండకి. వానకి నానిన మట్టిగోడ వాసన వస్తే ఇక లోపల చూడక్కర్లేదు, పక్కకే. పైకి పచ్చగా నిగనిగలాడే పొత్తుని కూడా పక్కకి విసిరేసేది. మాకు నమ్మకం కుదరక తొక్క ఒలిచి చూస్తే, గింజల సందుల్లో ఆకుపచ్చ పొడి ఉండేది.

షావుకారు గింజలో తేమ చూసే మిషను ఒకటి కొన్నాడు. ఆ రోజు అప్ప ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది. ఆ చప్పుడు విని, "పదిహేడు," అంది. షావుకారు మిషన్లో గింజలు పోసి చూశాడు. పదిహేడే.

"నీ పళ్ళు ఊడిపోతే నా షెడ్డు మూసుకోవాలప్పా," అన్నాడాయన.

"ఉన్నయ్యి నాలుగే బాబూ. ఆ మిషను జాగర్తగా దాసుకో."

పక్కకి తీసిన పొత్తులు మావి. అది ఆ షెడ్డు మొదలైనప్పటినుంచీ ఉన్న వాడుక. సాయంత్రం కుప్పని పది వాటాలు వేసేవాళ్ళం. కొందరు కోళ్ళకి వేసేవారు, కొందరు గేదెకి దంచి పెట్టేవారు. మరీ నల్లగా ఉన్నవి పొయ్యిలోకి పోయేవి. అప్ప ఒక్కర్తే వాటిని మనుషుల తిండి చేసేది.

అప్ప పుట్టిల్లు పొందూరు. వాళ్ళమ్మ ఖద్దరు నూలు వడికేది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముకకి వరసగా సన్నటి పళ్ళుంటాయి. దువ్వుతుంటే పత్తిలో నలకంతా రాలిపోయి, దూది తెల్లగా లేస్తుంది. అప్ప పెళ్ళై వచ్చేటప్పుడు వాళ్ళమ్మ తన దవడల్లో ఒకటి తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చిందట. మా ఊళ్ళో వడికేవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు ఆ దవడ చూరులోనే ఉండిపోయింది. షెడ్డు పనికి వచ్చాక అప్ప దాన్ని కిందికి దించింది.

నా కళ్ళతో చూశాను. అరుగు మీద పాత పేపరు పరిచి కూర్చునేది. బూజు పొత్తుని ఒళ్ళో పెట్టుకుని, వరస వరసా ఆ దవడతో దువ్వేది, పిల్లకి తల దువ్వినట్టే. ఆకుపచ్చ పొడి పేపరు మీద రాలేది. ఒక్కో వరస అయ్యాక ఉఫ్ఫని ఊదేది.

"అల్లదిగో, పోనాది. మాయమ్మ నలక దువ్వీది, నాను బూజు దువ్వుతన్నాను. పనొకటే."

ఆ గింజలు ఒలిచి మూడు నీళ్ళు కడిగేది. ఎండబెట్టి, మంగలంలో, అంటే వేపుడు పెంకులో, దోరగా వేపి, నూక పట్టి అంబలి కాచేది. పారేసేదాన్ని తిండి చేశానని ఆవిడకి చాలా గర్వం. నాకూ ఒక గ్లాసు పోసేది. నేనూ తాగాను. బాగుండేది.

కానీ ఆ అంబలి ఎక్కువ తాగినవాడు మా బావ, అంటే అప్ప మొగుడు. ఆయన అదే షెడ్డులో బస్తాలు మోసేవాడు. నడుం పట్టేశాక ఇంట్లోనే ఉండేవాడు. అప్ప పని నుంచి వచ్చేసరికి గుమ్మంలో స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. నేను కనిపిస్తే, "రామ్మా మరదలా, మీ అప్ప దువ్విన అంబలి తాగుదుగాని. రాజులకి కూడా ఇలగ దువ్వి పెట్టీవోళ్ళు లేరు," అనేవాడు.

"రాజులికి నడుం నొప్పి లేదు. లెగిసి ఆ సెంబు అందుకో," అనేది అప్ప.

ఏడెనిమిదేళ్ళు మూడు పూటలా ఆయనకి అదే తిండి. తర్వాత ఆయన కాళ్ళూ చేతులూ సన్నబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. టౌనులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. డాక్టరు స్కాను కాగితం చూసి, "లివరు పాడైపోయింది. ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాడు?" అని అడిగాడు.

"తాగడు బాబూ," అంది అప్ప.

"అందరూ అదే చెప్తారమ్మా."

"అందరి సంగతి నాకు తెల్దు. ఆయన ముట్టుకోడు."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆవిడ మాట నమ్మలేదని ముఖం చూస్తే తెలిసిపోయింది. బావ రెండు నెలలు కూడా బతకలేదు. ఊళ్ళో కూడా అదే మాట. బస్తాలు మోసినన్నాళ్ళూ చాటుగా తాగాడనీ, పెళ్ళాం కప్పిపుచ్చుతోందనీ అన్నారు. దినం నాడు భోజనాల దగ్గర ఒకాయన అదే మాట అంటుంటే వడ్డిస్తున్న అప్ప విన్నది. గరిటె పట్టుకుని ఆయన ముందు నిలబడింది. "మావా, ఆయన తాగలేదు," అంది. ఆయన తల దించుకుని తిన్నాడు. అప్ప ముందుకి కదిలింది. ఆ తర్వాత ఎవరు బావ ఊసెత్తినా అప్ప ముందు ఆ ఒక్క మాట చెప్పేది, తాగలేదని. మిగతా ఏం మాట్లాడినా ఆ తర్వాతే.

ఆయన పోయిన రెండో ఏడు కోత ముందు వానలు పట్టుకున్నాయి. పొత్తులు చేలలోనే తడిశాయి. షెడ్డుకి వచ్చిన ప్రతి ట్రాక్టరులో గోడ వాసనే. ఒక రైతు కొత్త కంపెనీ పాకెట్టు విత్తనం వేశాడు. షావుకారు ఆ పొత్తులు చూసి ముఖం చిట్లించాడు.

"ఇది బీటీ విత్తనం. అందుకే ఇంత బూజు," అన్నాడు.

మా వైపు పాకెట్టులో వచ్చే విత్తనమంతటినీ జనం బీటీ అనే అంటారు. పత్తి నుంచి పట్టుకున్న అలవాటు. రైతుకి కోపం వచ్చింది.

"మరి మా తోడల్లుడు పాత ఇత్తనమే ఏసినాడు. ఆడికి రాలేదేటి? అడగండి అప్పని."

అప్ప రెండు కుప్పల్లోంచీ చెరొక పొత్తు తీసి వాసన చూసింది. "ఇదీ గోడే, అదీ గోడే. బూజు పాకెట్టు సదువుకుని రాదు బాబూ. తడి ఎక్కడుంటే అక్కడ కూకుంటాది," అంది.

ఆ వారంలోనే వ్యవసాయ కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బూజు గురించి ఊరూరా తిరిగి చెప్తోందట. భుజాన సంచి, చేతిలో టార్చిలైటు లాంటిది. షావుకారు బీటీ మాట ఎత్తాడు.

"మన దగ్గర మొక్కజొన్నలో బీటీ వెయ్యడానికి అనుమతే లేదండి. మీవి హైబ్రిడ్లు," అంది ఆ అమ్మాయి. "వేరే దేశాల్లో వేస్తారు. అక్కడ పురుగు తక్కువ పడుతుంది. పురుగు తొలిచిన కన్నంలోంచి వెళ్ళే బూజు ఒకటుంది, అది కొంత తగ్గుతుంది. కానీ ఈ ఆకుపచ్చ బూజు అలా కాదు. చేను నీళ్ళు లేక వాడినా, కోసినది సరిగా ఎండకపోయినా వస్తుంది. ఏ విత్తనమూ దాన్ని పూర్తిగా ఆపలేదు."

అప్ప మా వైపు తిరిగి కనుబొమలెగరేసింది. "నానేటన్నాను?"

అందరం నవ్వాం. అప్ప అంత హుషారుగా ఉండడం బావ పోయాక అదే మొదలు.

ఆ అమ్మాయి షెడ్డు తలుపులు మూయించింది. కిటికీలకి గోనెలు కట్టించింది. పట్టపగలే చీకటైంది. బూజు గింజలు కొన్ని నలగ్గొట్టి పళ్ళెంలో పోసి, ఆ లైటు వేసింది. ఊదారంగు వెలుతురు. అందులో కొన్ని గింజ ముక్కలు ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులో మెరిశాయి, మిణుగురుల్లా. చూడడానికి అందంగానే ఉన్నాయి. మెరిసినచోట ఆ బూజు లోపలికి దిగినట్టు అనుమానమనీ, విషం ఎంతుందో లాబులోనే తేలుతుందనీ చెప్పింది.

"పాపా, ఉండు," అంటూ అప్ప చీకట్లోనే లేచింది. మధ్యాహ్నానికి తెచ్చుకునే కేరేజీ పక్కన చిన్న డబ్బా ఉంది. అందులో దువ్వి, కడిగి, వేపిన గింజలు. పని మధ్యలో నమలడానికి తెచ్చుకునేది. "ఇయ్యి సూడు. ఇయ్యి బాగు సేసినయ్యి. మాయమ్మ పద్ధతి."

మా ముందర ఆ అమ్మాయి చేత కూడా మెచ్చించుకోవాలని ఆవిడ ఆశ. నాకు ఆ గొంతులోనే తెలిసింది.

ఆ అమ్మాయి గింజలు నలగ్గొట్టి లైటు వేసింది.

మెరిశాయి. పైన ఒక్క నలక లేదు. లోపల, గింజ మొదట్లో, అదే రంగు.

ఆ అమ్మాయి లైటు ఆపి అంది, "పైన కనిపించే పొడి పోతుందమ్మా. విషం గింజలోకి దిగిపోయి ఉంటుంది. కడిగినా, వేపినా, ఉడికించినా పూర్తిగా పోదు. ఇవి ఎవరైనా తింటున్నారా?"

"కోళ్ళకమ్మా," అంది అప్ప. "కోళ్ళకే."

ఆవిడకి కోళ్ళు లేవు. నాకు తెలుసు. అక్కడున్న పదిమందికీ తెలుసు.

"కోళ్ళకి కూడా వెయ్యకండి," అని చెప్పి, తన ఫోను నంబరున్న కాగితాలు తలొకటి పంచి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అప్ప వాటా తీసుకోలేదు. దారిలో నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఎప్పుడూ అలా పట్టుకునే మనిషి కాదు.

"ఒసే, నాకు ఆ పిల్లతోటి మాటాడ్డం రాదు. నువ్వు ఫోను సేసి అడుగు. ఒక మనిషి ఎనిమిదేళ్ళు ఇది తింటే లివరు పోతాదేటో అడుగు. ఎవులని సెప్పకు."

"నువ్వూ తిన్నావు గదా అప్పా. నాకూ పెట్టినావు. మనకేటీ అవలేదు గదా," అన్నాను.

"నాను మద్దేనం అన్నం తినీదాన్ని. ఆయన మూడు పూటలా అదే అడిగీవోడు. ఇష్టమని నానే ఎక్కువ పోసీదాన్ని." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "తాగి పోలేదని ఊరందరికీ సెప్పినాను. మరి దేనికి పోనాడని ఎవులూ నన్ను అడగలేదు. ఇప్పుడు అడిగితే ఏటి సెప్పాలి?"

మర్నాడు షెడ్డు వెనక్కి వెళ్ళి ఫోను చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది.

"ఎక్కువ కాలం తింటే లివరుకి చెడ్డదేనండి. కానీ ఒక మనిషికి దానివల్లే వచ్చిందని చెప్పలేం. కామెర్ల వైరస్సులుంటాయి, ఇంకా చాలా కారణాలుంటాయి. అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరు," అంది.

నేను ఫోను కొంగులో దాచుకుని తిరిగి వచ్చాను. అప్ప కుప్ప దగ్గర కూర్చుని నా వైపే చూస్తోంది. చేతిలో పొత్తు ఉంది కానీ వాసన చూడడం లేదు. చెప్పలేం అన్న మాట తీసుకెళ్ళి ఆ మనిషి చేతిలో ఎలా పెట్టను? ఆవిడ దాన్ని పట్టుకుని రాత్రీ పగలూ నలిగిపోతుంది అనుకున్నాను.

"కాదంట అప్పా," అన్నాను. "దానికీ దీనికీ సమ్మందమే లేదంట."

అప్ప నా ముఖంలోకి చాలాసేపు చూసింది. పొత్తులని చూసినట్టే చూసింది.

"సరేలే," అంది. "పద, ట్రాక్టరొచ్చినాది."

నా మాట నమ్మిందనే అనుకున్నాను. పని మామూలుగానే చేసేది. అంబలి మాత్రం మళ్ళీ కాచలేదు. మూడు వారాలకి ఏమో, సాయంత్రం వాటాలు వేస్తుంటే కుప్పకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఎవులూ అట్టుకెల్లొద్దు. కోళ్ళకీ వద్దు, గేదికీ వద్దు. గొయ్యి తీసి కప్పెట్టీద్దాం."

ఒకామె గంపలో పొత్తులు వేసుకుంటూనే నవ్వింది. "మాకెందుకప్పా అడ్డం పడతావు? నీ మొగుడు సారా తాగి పోతే మా గేదిలు పస్తుండాలేటి?"

అప్ప అరవలేదు. కొంగు సర్దుకుంది.

"మీ బావ సారా తాగలేదు. నా సేతి అంబలి తాగినాడు," అంది.

ఆమె గంప దించేసింది. ఒక్కొక్కరూ దించేశారు. ఆ రోజు నుంచి పక్కకి తీసిన పొత్తులన్నీ షెడ్డు వెనక గోతిలోకే పోయాయి. గొయ్యి తవ్వడానికి షావుకారే మనిషిని పెట్టాడు. ఊళ్ళో బావ తాగుడు మాట ఆగిపోయింది. దాని బదులు ఇంకో మాట మొదలైంది. అప్ప వీధిలో నడుస్తుంటే జనం అరుగుల మీద మాట్లాడడం ఆపేసేవారు. ఆవిడ అటు తిరిగి చూసేది కాదు. అందరిలాగే ముక్కుకి కొంగు కట్టుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

చివరి ఏడాది ఆయాసంతో మంచం పట్టింది. నేను రోజూ వెళ్ళి చోడి జావ, అదే రాగి జావ, కాచి ఇచ్చేదాన్ని. ఒక రోజు రెండు గుక్కలు తాగి గ్లాసు నా చేతికిచ్చింది.

"ఆ పిల్ల నిజంగా ఏటన్నాదే?"

నేను గ్లాసు కడగడానికి లేవబోయాను.

"సెప్పు. ఇంకేటి దాసుకుంతావు?"

"సెప్పలేమన్నాది అప్పా. అవునని గానీ కాదని గానీ ఎవులూ సెప్పలేరన్నాది."

ఆయాసం తగ్గాక అప్ప మెల్లిగా అంది.

"నువ్వు కాదన్నావు. నీ మొకం సూసి, అవునన్నాదనుకున్నాను. అంత కచ్చితంగా అవునన్నాది కాబట్టే నీకు అబద్ధం కావలసొచ్చినాది అనుకున్నాను." చెయ్యి నా మోకాలు మీద వేసింది. కోపం లేదు. "సెప్పలేమన్నాదా? ఆ మాటే తెచ్చుంటే... దాన్తోటి బతకొచ్చునే."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర తల పెట్టుకుని ఏడ్చాను. "లెగు, జావ సల్లారిపోతాది," అంది.

తర్వాత పది రోజులే ఉంది. పోయాక, చూరులోంచి తీసి ఒక గుడ్డ మూట నాకిచ్చారు వాళ్ళ చుట్టాలు. నాకిమ్మని చెప్పిందట. విప్పితే వాలుగ చేప దవడ. ఒక్క పన్ను లేదు. అన్నీ నున్నగా బండకేసి అరగదీసి ఉన్నాయి. ఎప్పుడు అరగదీసిందో తెలియదు. నేను 'కాదంట' అని చెప్పిన రోజే అయి ఉంటుందనిపిస్తుంది.

మొన్న బస్సుల దగ్గర ఆ పొత్తు పట్టుకుని నేను ఇంకా నిలబడే ఉన్నాను. గింజ లోపల తెల్లగానే ఉంది. వాసనలో నాకు బొగ్గు తప్ప ఏమీ తెలియలేదు. ఇంకో ఆవిడ పిల్లని ఎత్తుకుని వచ్చి, పొత్తు బేరమాడబోతూ నన్ను అడిగింది.

"బాగున్నాయేటమ్మా?"

బాగున్నాయి అనబోయి ఆగాను.

"పైకి బాగున్నాయి," అన్నాను. "లోపలి సంగతి నేను చెప్పలేనమ్మా."